ప్లంబరును పనికి పిలిచేటప్పుడు

మా మదరసాలో ఏటా ఒక తరగతికి నేను ‘హిదాయా’ గ్రంథంలోని ఇజారా ప్రకరణాన్ని బోధిస్తాను. ప్రతిఫలం చెల్లించి ఒకరి శ్రమను గానీ, ఒక వస్తువు వల్ల కలిగే ప్రయోజనాన్ని గానీ పొందే ఒప్పందాన్ని ఇజారా అంటారు. పన్నెండవ శతాబ్దిలో ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన ఆ గ్రంథంలో దర్జీ, చాకలి, అద్దకంవాడు, వంటవాడు, బరువులు మోసే కూలి ఇలా ఎందరో పనివారు మనకు ఎదురవుతారు. ప్లంబరు ఎదురుకాడు. అయినా వారందరికీ వర్తించే సూత్రమే ఇతనికీ వర్తిస్తుంది. పని ఏమిటో తెలిసి ఉండాలి. కూలి ఎంతో తెలిసి ఉండాలి. రెండింటిలో ఏ ఒక్కటి అస్పష్టంగా ఉన్నా ఒప్పందం చెడిపోతుంది. ఈ మాటను ఇరవై ఏళ్ళకు పైగా విద్యార్థులకు చెబుతూ వస్తున్నాను. అలా చెబుతున్న రోజుల్లోనే ఒక ప్లంబరుకు చెల్లించవలసిన 1,200 రూపాయలను ఏడు నెలలపాటు నా దగ్గరే ఉంచుకున్నాను. ఈ వ్యాసానికి కారణం ఆ బాకీయే.

మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో ఉంది. 2009 అక్టోబరులో వచ్చిన వరదల్లో మా కింది అంతస్తు మునిగిపోయింది. నీరు తీసిన తరువాత చూస్తే, గోడల్లోని పాత ఇనుప పైపులు ఎలాగూ తుప్పుపట్టి ఉన్నవే కాబట్టి అన్నింటినీ మార్చివేయాలని నిర్ణయించుకున్నాము. ఆ రోజుల్లో ఊరంతటికీ మేస్త్రీలు కరువు. దొరికినవారితో దొరికిన ప్లాస్టిక్ పైపులు వేయించి, త్వరత్వరగా గోడలు పూడ్పించాము. ఏ పైపు ఎటు పోతున్నదో ఎవరూ రాసిపెట్టలేదు. పన్నెండేళ్ళు గడిచాయి. ఒక ఉదయం పొరుగింటి పెద్దమ్మ వచ్చి, “మౌల్వీసాబ్, మా గోడ తడుస్తున్నది, బియ్యం డబ్బా వెనుక బూజు పడుతున్నది” అని చెప్పింది. రెండిళ్ళకూ ఒకటే గోడ. ఆ గోడకు ఇటువైపు మా స్నానాలగది.

వీధి చివర ఉండే ఒక యువకుణ్ణి పిలిపించాను. ఎంత తీసుకుంటావని అడిగితే, “చూసి ఇవ్వండి హజ్రత్” అన్నాడు. నేను కూడా, “నువ్వే చూసి చెయ్యి బాబూ” అన్నాను. చూసి ఇవ్వండి, చూసి చెయ్యి. మన తెలుగునాట పనికి కుదుర్చుకోవడంలో ఈ రెండు మాటలకంటే మర్యాదైనవి లేవు, వీటికంటే ప్రమాదకరమైనవీ లేవు. అతడు ఎంత అడుగుతాడో నాకు తెలియదు, నేను ఎంత ఇస్తానో అతనికి తెలియదు. ఏ పని పూర్తయితే పని పూర్తయినట్లో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

అతడు రెండు రోజులు పనిచేశాడు. రెండు చోట్ల టైల్సు పగులగొట్టి, గోడలో చీలిన ఒక ఎల్బోను కనిపెట్టి మార్చాడు. కూలి 2,700 అన్నాడు. నాకు ఎక్కువనిపించింది. 1,500 ఇచ్చి, గోడ ఆరిన తరువాత మిగిలినది ఇస్తానన్నాను. పది రోజులైనా గోడ ఆరలేదు. కబురుపెడితే వచ్చి చూసి, “ఇది వేరే తడి హజ్రత్, మురుగు పైపు దగ్గర నుంచి వస్తున్నట్లుంది, కింద టైల్సు తీయాలి” అన్నాడు. పాఠం కోసం వచ్చిన విద్యార్థులు వరండాలో కూర్చుని ఉన్నారు. వారందరి ముందు, “నీ పని చెడిపోయింది, దానికి ఇప్పుడు వేరే పేరు పెడుతున్నావు” అని గట్టిగా అన్నాను. అతడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఏడు నెలల తరువాత, వేసవి సెలవుల్లో, అనుభవజ్ఞుడైన ఒక పెద్ద ప్లంబరు వచ్చాడు. ఏదీ పగులగొట్టలేదు. స్నానాలగదిలోని నహానీ ట్రాప్ మూతిని తడిగుడ్డతో బిగించి, నేలమీద అంగుళం ఎత్తున నీరు నింపి, గోడకు పెన్సిలుతో గీత పెట్టి, ఈ రాత్రి ఎవరూ ఈ గది వాడవద్దని చెప్పి వెళ్ళాడు. ఫజ్ర్ వేళకు నీరు గీతకు చాలా కిందికి దిగిపోయింది. ట్రాప్ చుట్టూ ఉన్న సిమెంటు విడిపోయి, వాడిన నీరంతా గోడ కిందికి ఇంకుతున్నదని తేలింది. ఆ యువకుడు మార్చిన ఎల్బోను కూడా అతడు తడిమి చూశాడు. “ఇది బాగా కట్టాడు, ఎవరు కట్టారు?” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు.

ఇలాంటి చిక్కులు నా ఒక్కడివే కావు. జుమా తరువాత మసీదు మెట్ల దగ్గర నన్ను ఆపి సోదరులు అడిగే ప్రశ్నల్లో పనివారితో వచ్చిన తగాదాలు ఎన్నో ఉంటాయి. ప్లంబరు విషయంలో తరచుగా వినవచ్చే కొన్నింటికి, మా గ్రంథాలు చెప్పినదీ, ఆ పెద్ద ప్లంబరు ఓపికగా నాకు నేర్పినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

రోజు కూలికా, గుత్తకా?

అందరూ మొదట అడిగేది ఇదే. ఈ రెండూ కేవలం లెక్క కట్టే పద్ధతులని మనం అనుకుంటాము. ఫిఖ్హ్ దృష్టిలో ఇవి రెండు వేర్వేరు సంబంధాలు. ఫలానా రోజు నాకోసమే పనిచేయాలని ఒక మనిషిని కుదుర్చుకుంటే అతడు ‘అజీరె ఖాస్’. తన సమయాన్ని మనకు అప్పగించడంతోనే అతనికి కూలి హక్కు ఏర్పడుతుంది. ఉదయం తొమ్మిదికి వచ్చి కూర్చున్నాడు, మీరు తెప్పిస్తానన్న పైపులు మధ్యాహ్నం రెండింటికి వచ్చాయి. ఆ ఐదు గంటలు అతడు చేతులు ముడుచుకుని కూర్చున్నా కూలి తగ్గించే హక్కు మీకు లేదు. నిర్లక్ష్యం లేకుండా మామూలుగా పనిచేస్తుండగా ఒక పాత పైపు విరిగితే ఆ నష్టం కూడా మీదే.

ఇక ఫలానా పనిని ఇంతకు పూర్తి చేయాలని మాట్లాడుకుంటే అతడు ‘అజీరె ముష్తరక్’, అంటే అందరికీ పనిచేసే వృత్తికారుడు. ఇతనికి కూలి హక్కు పని పూర్తయితేనే వస్తుంది. రోజులు ఎన్ని పట్టినా మీకు అనవసరం. తన చేతిపనివల్ల వస్తువు చెడితే హనఫీ ధర్మశాస్త్రవేత్తల ప్రకారం బాధ్యత అతనిదే. సాధారణంగా మన ఇళ్ళలో జరిగే అన్యాయం ఏమిటంటే, రోజు కూలికి పిలిచి గుత్త పనివాని బాధ్యతలన్నీ అతనిపై మోపుతాము. నేను చేసినదీ అదే. రెండు రోజుల శ్రమ తీసుకున్నాను, గోడ ఆరడాన్ని షరతుగా తరువాత తగిలించాను. ఆ షరతు మొదటే పెట్టి ఉంటే అతడు ఒప్పుకునేవాడో లేదో, ఒప్పుకుంటే ఎంత అడిగేవాడో!

ఏది మేలు అంటే, పని స్వరూపాన్ని బట్టి ఉంటుంది. కొత్త స్నానాలగదికి పైపులు వేయడం, ట్యాంకు మార్చడం, గీజరు బిగించడం వంటి పనుల్లో ఆద్యంతాలు కంటికి కనిపిస్తాయి. వీటికి గుత్త మంచిది. గోడలో ఎక్కడో కారుతున్న నీటిని వెదకడం అలాంటిది కాదు. అందులో గుత్త మాట్లాడితే ప్లంబరు భయంతో ఎక్కువ అడుగుతాడు, లేదా తక్కువకు ఒప్పుకుని పైపైన పూసి పోతాడు. వెదకడానికి ఇంత అని రోజు కూలి, కనిపించిన తరువాత బాగుచేయడానికి ఇంత అని వేరుగా మాట్లాడుకోవడం ఇద్దరికీ క్షేమం. ఒకవేళ ఏమీ మాట్లాడుకోకుండానే పని జరిగిపోతే ఏమిటి? అప్పుడు ‘ఉజ్రతె మిస్ల్’, అంటే ఆ ఊళ్ళో ఆ పనికి సాధారణంగా ఇచ్చే కూలి చెల్లించాలి. మనకు తోచినంత ఇచ్చి సరిపెట్టుకోమనడం కుదరదు.

పిలవడానికి ముందు

కొన్నింటికి ప్లంబరు అవసరమే ఉండదు. వాడని స్నానాలగదిలోంచి దుర్వాసన వస్తున్నదని చాలామంది కంగారుపడతారు. నహానీ ట్రాపులో ఎప్పుడూ రెండంగుళాల నీరు నిలిచి ఉండి మురుగు గాలిని అడ్డుకోవాలి. గది వాడకపోతే ఆ నీరు ఎండిపోతుంది. ఒక చెంబెడు నీళ్ళు పోస్తే వాసన ఆగిపోతుంది. ఆగకపోతే అప్పుడు పిలవండి.

నీరు ఎక్కడినుంచి పోతున్నదో తెలుసుకోవడానికి మనమే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇషా తరువాత కొళాయిలన్నీ కట్టివేసి, ట్యాంకులోకి నీరు వచ్చే దారి కూడా మూసి, ట్యాంకులో నీటిమట్టాన్ని ఒక కర్రతో కొలిచి గుర్తుపెట్టుకోండి. తెల్లవారి మట్టం తగ్గితే మంచినీటి పైపుల్లో గానీ, కొళాయిల్లో గానీ లోపం ఉన్నట్లు. తగ్గకుండా ఉండి, గోడ మాత్రం తడుస్తుంటే మురుగు వైపు అనుమానించాలి. నేను పైన రాసిన గుడ్డ పరీక్ష దానికోసమే. ఫ్లష్ ట్యాంకు కారుతున్నదేమోనని సందేహముంటే అందులో కొంచెం మిఠాయి రంగు కలిపి, అరగంట ఎవరూ వాడకుండా చూడండి. కింది తొట్టిలో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు అరిగిపోయిందని అర్థం. ఈ మూడు పరీక్షలకూ పైసా ఖర్చు లేదు. ఇవి ఏడు నెలల ముందు నాకు తెలిసి ఉంటే ఒక మనిషిని దొంగను చేసేవాణ్ణి కాదు.

బొట్టుబొట్టుగా కారే కొళాయిని లక్ష్యపెట్టనివారికి ఒక చిన్న లెక్క. కొళాయి కింద గ్లాసు పెట్టండి. గంటకు అర లీటరు చేరితే రోజుకు 12 లీటర్లు, నెలకు 360 లీటర్లు. వుజూలో నీటి దుబారా కూడదని పిల్లలకు నేర్పే ఇంట్లో అది ఎంత వ్యర్థం! పాత తరహా మర కొళాయి అయితే చాలాసార్లు వాషర్ మార్చితే చాలు. కొళాయినే మార్చాలని ఎవరైనా అంటే, విప్పి చూపించమని మర్యాదగా అడగండి.

ఇంటికి నీరు వచ్చే ప్రధాన వాల్వు ఎక్కడున్నదో ఇంట్లో అందరికీ తెలియాలి, పిల్లలకు కూడా. పైపు పగిలి ఇల్లు చెరువవుతున్నప్పుడు వెదికితే లాభం లేదు. ఏళ్ళ తరబడి తిప్పని వాల్వు బిగుసుకుపోతుంది. కనుక అప్పుడప్పుడు ఒకసారి మూసి తెరుస్తూ ఉండండి.

మంచి ప్లంబరును ఎలా గుర్తించాలి అని అడుగుతారు. ఐటీఐలలో ప్లంబరు వృత్తికి ఏడాది శిక్షణ ఉన్నది. అది చదివినవారు దొరికితే సంతోషమే. కానీ ఎక్కువమంది ఒక మేస్త్రీ వెనుక హెల్పరుగా తిరిగి నేర్చుకున్నవారే, అది లోపం కాదు. ఒడిశాలోని కేంద్రపడా జిల్లానే చూడండి, అక్కడి పల్లెల నుంచి తరతరాలుగా దేశంలోని నగరాలన్నింటికీ ప్లంబర్లు వెళుతున్నారు. వారిలో ఎందరో తండ్రి దగ్గర, పినతండ్రి దగ్గర పని నేర్చినవారు. నేను గమనించిన గుర్తు ఒక్కటే. రాగానే సుత్తి తీసేవాడు కాక, ముందుగా నాలుగు ప్రశ్నలు అడిగేవాడు మంచి పనివాడు. ఎప్పటినుంచి తడుస్తున్నది, మోటారు వేసినప్పుడు పెరుగుతున్నదా, పైన ఎవరైనా స్నానం చేసినప్పుడా అని అతడు అడుగుతుంటే మన పని సగమైనట్లే.

సామాను ఎవరు తేవాలి?

ఈ విషయంలో యజమానులు ప్లంబరును అనుమానిస్తారు, ప్లంబర్లు యజమానులను చూసి నవ్వుకుంటారు. సామాను అతణ్ణే తెమ్మంటే దుకాణంలో కమీషన్ తింటాడని మన భయం. మనమే తెస్తే కొలతలు తప్పి మూడుసార్లు తిరుగుతాము, ఆ మధ్యలో రోజు కూలి నడుస్తూనే ఉంటుంది.

ధర్మశాస్త్రం ఇక్కడ కచ్చితంగా ఉన్నది. మన డబ్బుతో మన తరఫున కొనడానికి వెళ్ళినవాడు మన ‘వకీలు’. దుకాణదారు ధర తగ్గిస్తే ఆ తగ్గింపు మనకు చెందుతుంది, వకీలుకు కాదు. మనకు తెలియకుండా అతడు దాన్ని ఉంచుకోవడం ధర్మసమ్మతం కాదు. ఇది ప్లంబరు సోదరులు వినవలసిన మాట. యజమానులు వినవలసిన మాట మరొకటి ఉన్నది. సామాను ఎంచి, బేరమాడి, మోసుకురావడం కూడా శ్రమే. దానికి మనం విడిగా ఏమీ ఇవ్వము, ఆ తరువాత అతడు కమీషన్ తీసుకున్నాడని నిందిస్తాము. సామాను తెచ్చినందుకు ఇంత అని ముందే కూలిలో చేర్చి, బిల్లు మన పేర వేయించమంటే దాగుడుమూతలు ఉండవు. లేదా సామానుతో సహా మొత్తం ఇంతకు చేయమని గుత్త ఇవ్వండి. అప్పుడు లాభనష్టాలు అతనివి. ఏ రకం సామాను వాడాలో మాత్రం ముందే చెప్పుకోవాలి.

రకం సంగతి కొంచెం తెలుసుకోండి. తెల్లని మామూలు యుపివిసి పైపు చన్నీళ్ళకే. గీజరు నుంచి వచ్చే వేడినీటికి సిపివిసి వేయాలి. ఖర్చు తగ్గుతుందని వేడినీటి దారిలో మామూలు పైపు వేయిస్తే అది మెత్తబడి వంగుతుంది, అతుకులు వదులవుతాయి. పైపు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఒక సంఖ్య అచ్చువేసి ఉంటుంది. తాగునీటి యుపివిసికి 4985, సిపివిసికి 15778, ఇంట్లోని మురుగు పైపుకు 13592. అక్షరం, అంకె చదవగలిగిన ఎవరైనా దుకాణంలోనే దీన్ని సరిచూసుకోవచ్చు. పైపులు మంచివి కొని, అతికించే సాల్వెంట్ సిమెంటు పాతది వాడితే ప్రయోజనం లేదు. డబ్బా మీది గడువు చూడండి. అతికిన తరువాత ఆరడానికి ఎంతసేపు ఆగాలో కూడా డబ్బా మీదే ఉంటుంది. “ఇంకా నీళ్ళు వదలలేదా” అని పనివాణ్ణి తొందరపెట్టేది సాధారణంగా మనమే.

మాటలు వచ్చాయి కాబట్టి ఒక చిన్న ముచ్చట. ప్లంబరు అన్న ఇంగ్లీషు మాటకు మూలం సీసం అని అర్థమిచ్చే లాటిన్ పదం. ఒకప్పుడు పైపులు సీసంతో చేసేవారు. అరబ్బీలో ఇతణ్ణి ‘సబ్బాక్’ అంటారు, లోహాన్ని కరిగించి పోతపోసేవాడని అర్థం. ఇప్పుడు ఇద్దరి చేతిలోనూ ప్లాస్టిక్కే ఉన్నది.

గోడ పూడ్చడానికి ముందు

కొత్తగా పైపులు వేయిస్తున్నవారు దయచేసి ఈ రెండు పనులు చేయండి. ఒకటి, టైల్సు అంటించకముందే పైపుల్లో నీరు నింపి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి పరీక్షించమనండి. ఆ పరీక్ష పరికరం ప్లంబర్లకు అద్దెకు కూడా దొరుకుతుంది. ఒత్తిడి ముల్లు దిగకుండా నిలిస్తేనే మేస్త్రీని గోడ పూడ్చనివ్వండి. ఈ ఒక్క పనికి అయ్యే ఆలస్యాన్ని భరించలేక తరువాత సంవత్సరాలపాటు గోడలు తవ్వుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. రెండవది, గోడలు తెరిచి ఉన్నప్పుడే గదిలోని నాలుగు గోడలనూ సెల్‌ఫోనుతో ఫొటోలు తీయండి. పక్కన కొలత టేపు పెట్టి తీస్తే ఇంకా మంచిది. రేపు అద్దానికో అరకో మేకు కొట్టవలసినప్పుడు పైపు ఎక్కడున్నదో తెలుస్తుంది. 2009లో మాకు అది తోచలేదు. ఇప్పుడు మా అబ్బాయి ఫోనులోనూ, అచ్చువేయించి అలమారాలోనూ రెండు చోట్ల ఉన్నాయి.

ఇంట్లో ఆడవారు ఒంటరిగా ఉన్నప్పుడు పనివాడు వస్తే ఎలా అని సోదరీమణులు అడుగుతుంటారు. ఇంటి మగవారో, పెద్దవారో ఉండే సమయానికి రమ్మని చెప్పడమే సరళమైన మార్గం. నీరు పొంగుతున్నటువంటి అత్యవసరమైతే పొరుగింటివారిని తోడు పిలుచుకుని, వీధి తలుపు తెరిచి ఉంచండి. ఇది జాగ్రత్త మాత్రమే. ఆ జాగ్రత్త పేరిట వచ్చినవాణ్ణి నేరస్థునిలా చూడనవసరం లేదు. అతడు కూడా ఒక తల్లి బిడ్డే, తన ఇంట్లోనూ అక్కచెల్లెళ్ళు ఉంటారు.

మురుగు పని చేసినవానికి విడిగా ఒక పాత గ్లాసు ఉంచే ఇళ్ళను నేను చూశాను. మన ఇళ్ళలో కూడా. దస్తర్‌ఖాన్ మీద అందరూ సమానమని ప్రసంగాలు చేసే మనకు అది ఎలా తగుతుందో ఎవరికి వారే చూసుకోవాలి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, తాగడానికి మనం తాగే గ్లాసులోనే నీళ్ళు ఇవ్వండి.

సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దింపవద్దు

ఇది తేలికగా చదివి వదిలేసే విషయం కాదు. మురుగు పొంగినప్పుడు ప్లంబరుకు మరో 500 రూపాయలు ఇస్తానని ఆశచూపి, లోపలికి దిగి అడ్డు తీయమనే యజమానులు ఉన్నారు. మూసిన ట్యాంకులో విషవాయువులు పేరుకుని ఉంటాయి, ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది. దిగినవాడు నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. అతణ్ణి కాపాడాలని దిగిన రెండవవాడూ పోతాడు. ఇలాంటి వార్త చదవని సంవత్సరం నా జ్ఞాపకంలో లేదు.

రక్షణ పరికరాలు, ముందుజాగ్రత్తలు లేకుండా ఒక మనిషిని మురుగు కాలువలోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ శుభ్రం చేయడానికి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. అలా దింపించే ఇంటి యజమాని కూడా తప్పించుకోలేడు. ఇలా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది; 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ డబ్బుతో పోయిన మనిషి రాడు. “అతడే దిగుతానన్నాడు” అనే మాటను నేను కొందరి నోట విన్నాను. ఆకలితో ఉన్నవాడు ఒప్పుకున్నాడన్నది మనకు సాకు కాజాలదు. మునిసిపాలిటీకి చెబితే గానీ, సెప్టిక్ ట్యాంకు లారీవారికి చెబితే గానీ గొట్టంతో లాగివేస్తారు. నేలలోని నీటి సంపును కడిగించేటప్పుడు కూడా మూత చాలాసేపు తెరిచి ఉంచి గాలి ఆడనివ్వండి. లోపల మనిషి ఉన్నంతసేపూ పైన మరొకరు నిలబడి మాట్లాడుతూ ఉండాలి.

కూలి చేతికి ఇచ్చేటప్పుడు

కార్మికుని చెమట గురించిన ఆ ప్రసిద్ధ హదీసు మా మదరసాలో చిన్న తరగతి పిల్లలకు కూడా కంఠస్థమే. పనిచేయించుకుని కూలి ఎగవేసిన వాని పక్షాన కాక, వానికి వ్యతిరేకంగా ప్రళయదినాన అల్లాహ్‌యే నిలబడతాడన్న హదీసును ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. నేను ఆ రెండింటినీ పాఠంలో వివరించిన వాణ్ణి. అయినా నా బాకీ నాకు బాకీగా తోచలేదు. హామీగా ఉంచుకున్న సొమ్ముగా తోచింది.

హామీ కోరడంలో తప్పు లేదు. పని నిలుస్తుందో లేదో చూడడానికి కొంత సొమ్ము కొన్ని రోజులు ఆపుతానని పని మొదలుపెట్టడానికి ముందే చెప్పి, ఎంత, ఎన్ని రోజులు అని ఇద్దరూ ఒప్పుకుంటే అది షరతు. పని అయిపోయాక మనమొక్కరమే నిర్ణయించి ఆపితే అది ఎగవేత. అడ్వాన్సు విషయమూ అంతే. సామాను కోసం ఇచ్చినది వేరు, కూలిలో ముందుగా ఇచ్చినది వేరు. ఏది దేనికో చెప్పి ఇవ్వండి.

పెద్ద ప్లంబరు వెళ్ళిపోయిన సాయంత్రమే ఆ యువకుని ఇంటికి వెళ్ళాను. అతడు అపార్ట్‌మెంటు పనులకోసం హైదరాబాదు వెళ్ళాడట. వాళ్ళ అమ్మ తలుపు దగ్గర నిలబడింది. 1,200 రూపాయలు చేతిలో పెట్టి, ఆలస్యానికి క్షమించమన్నాను. ఆమె ఆశ్చర్యపడలేదు. “మావాడు చెప్పాడు హజ్రత్. నీళ్ళ బిల్లు కట్టడానికి డబ్బుల్లేక నేను అడిగినప్పుడల్లా, మౌల్వీసాబ్ దగ్గర ఉన్నాయమ్మా, ఎక్కడికీ పోవు అనేవాడు” అన్నది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

విద్యార్థుల ముందు అన్న మాటను విద్యార్థుల ముందే వెనక్కు తీసుకున్నాను. ఆ సంవత్సరం ఇజారా పాఠంలో ఉదాహరణగా దర్జీ స్థానంలో ప్లంబరు వచ్చాడు.

బక్రీదుకు అతడు ఊరికి వచ్చినప్పుడు కబురంపాను. మదరసాలో వుజూ కొళాయిలు ఆరు కారుతున్నాయి, మార్చాలి. ఈసారి ఒక తెల్లకాగితం తీసి నేనే రాశాను: ఆరు కొళాయిలు మార్చడం, సామాను మదరసాది, కూలి ఇంత, పని పూర్తయిన వెంటనే చెల్లింపు, నెలలోపు అతుకుల దగ్గర కారితే ఉచితంగా సరిచేయాలి. కాగితం అతని చేతికిచ్చి, కూలి దగ్గర ఖాళీ వదిలాను, నీ అంకె నువ్వు రాయి అన్నాను. “చూసి ఇవ్వండి” అనబోయి ఆగాడు. కాసేపు ఆలోచించి అంకె వేశాడు. తరువాత నా కలమే తీసుకుని కింద మరో వాక్యం చేర్చాడు: గోడలోని పాత పైపు తుప్పుపట్టి విరిగితే నా బాధ్యత కాదు. చదివి సంతకం పెట్టాను. నాలుగో కొళాయి విప్పుతుండగా నిజంగానే పాత పైపు విరిగింది, ఆ పైపుకు డబ్బు మదరసా ఇచ్చింది.